డబుల్ బేస్, ఎడ్గార్ మేయర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో మా మిద్దె మీది గదిలో నెలకో శనివారం సాయంత్రం పది పన్నెండు మందిమి కూర్చుని ఏదో ఒక సంగీతం వింటాం. మిగతా రోజుల్లో నేను పిల్లలకు వయొలిన్ చెప్పుకునే గదే అది. మూడు శనివారాలు వరసగా ఎడ్గార్ మేయర్‌నే వినిపించాక ప్రశ్నలు ఎక్కువయ్యాయి. కొన్ని గదిలోనే అడిగారు, కొన్ని కడప నుంచి, అనంతపురం నుంచి వాట్సాప్‌లో వచ్చాయి. ఒకే జవాబు పదిమందికి టైపు చేసి వేళ్ళు నొప్పి పుట్టాయి కాబట్టి అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఎడ్గార్ మేయర్ ఎవరు? ఆయన్నే ఎందుకు పట్టుకున్నారు?

అమెరికా డబుల్ బేస్ విద్వాంసుడు, స్వరకర్త. 1960 నవంబరు 24న ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పుట్టాడు. మనవాళ్ళలో చాలామందికి ఆయన జాకిర్ హుస్సేన్ పక్కనున్న మనిషిగానే తెలుసు. 2024 ఫిబ్రవరిలో జాకిర్‌కు ఒకే రాత్రి మూడు గ్రామీ సంగీత పురస్కారాలు వచ్చాయి కదా, వాటిలో రెండు నలుగురు కలిసి చేసిన పనికి వచ్చినవి. తబలా జాకిర్‌ది, బాన్సురీ రాకేష్ చౌరాసియాది, బాంజో అనే అమెరికా జానపద తీగ వాయిద్యం బేలా ఫ్లెక్‌ది. ఫోటోలో తనంత ఎత్తున్న వాయిద్యం వెనకాల నిలబడ్డ నాలుగో మనిషి మేయర్.

ఆయన్నే ఎందుకంటే, పెళ్ళిలో నాదస్వర మేళం గుర్తు తెచ్చుకోండి. పక్కన ఒత్తు పట్టుకుని ఒకే స్వరం ఊదుతూ కూర్చునే మనిషి ఒకడుండేవాడు. ఈ మధ్య ఆయన బదులు శ్రుతి పెట్టె వచ్చేసింది. ఆయన వైపు ఎవరూ చూడరు. ఆయన ఊపిరి తీసుకోవడం మానేస్తే మాత్రం మేళం మొత్తం కుంటుతుంది. పాశ్చాత్య సంగీతంలో డబుల్ బేస్ వాయించేవాడి స్థానం దాదాపు అదే. అలాంటి ఒత్తు మనిషి ఒకరోజు ముందుకు జరిగి తోడి ఆలాపన ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? మేయర్ కథ అదీ.

అది పెద్ద ఫిడేలా, పెద్ద గిటారా?

ఫిడేలు వైపు చుట్టమే. కమానుతోనూ వాయిస్తారు, వేళ్ళతోనూ మీటుతారు. మొత్తం ఎత్తు దాదాపు ఆరడుగులు. వాయించేవాడు నిలబడి గానీ, ఎత్తైన స్టూలు మీద కూర్చుని గానీ, దాన్ని ఒంటికి ఆనించుకుని వాయిస్తాడు. కింద ఒక ఇనుప కడ్డీ నేలకు ఆనుతుంది. మోగే తీగ పొడవు వయొలిన్‌కు 33 సెంటీమీటర్ల దాకా, దానికి అక్కలాంటి, కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లోకు 69 దాకా ఉంటే దీనికి 105 వరకూ ఉంటుంది. వయొలిన్ వాయించే చేతికి మొదటిసారి దీన్ని ఇస్తే, సైకిలు తొక్కేవాడికి లారీ స్టీరింగ్ ఇచ్చినట్టు ఉంటుంది.

తీగలు నాలుగు: కింది నుంచి ఇ, ఎ, డి, జి. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక తీగను సా అనుకుంటే పై తీగ శుద్ధ మధ్యమం. మన వయొలిన్‌లో సా పక్కన పా ఉంటుంది, ఇందులో సా పక్కన మా. దీనికి కారణం చెయ్యి. అంత పొడుగు తీగ మీద, మంద్ర స్వరాలుండే మెడ చివరన, చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా ఎంత చాపినా అందేది సా నుంచి చతుశ్రుతి రిషభం వరకే. ఉంగరపు వేలు అక్కడ విడిగా పనిచేయదు, చిటికెన వేలికి దన్నుగా పడి ఉంటుంది. తీగల మధ్య దూరం పంచమం పెడితే చెయ్యి ఇంకా ఎక్కువ పరిగెత్తాలి. మధ్యమం పెడితే పక్క తీగ మీద పని కొంత తేలికవుతుంది.

ఫోన్లో విన్నాం టీచర్, ఏదో గరగర తప్ప ఏమీ వినపడలేదు. మా చెవి తప్పా?

చెవి తప్పు కాదు, ఫోను తప్పు. కింది తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలు. ఒకటో శ్రుతిలో పాడే మగ గొంతుకు మధ్యస్థాయి షడ్జం 131 దగ్గర ఉంటుంది. మంద్ర షడ్జం దాటి ఇంకా కిందికి దిగితే వచ్చే అనుమంద్ర అంతర గాంధారం ఆ తీగ. చిటికెన వేలి గోరంత ఉండే ఫోన్ స్పీకరు అంత నెమ్మది కంపనాన్ని గాలిలోకి నెట్టలేదు. మీకు వినపడేది ఆ స్వరం పైపొరలు, కమాను రాపిడి. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

మొదటి శనివారం నేనూ ఇదే తప్పు చేశాను. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరులో వినిపిస్తే అందరూ మర్యాదగా తలలూపి టీ తాగి వెళ్ళిపోయారు. రెండోసారి పెళ్ళిళ్ళకు సౌండ్ సర్వీస్ ఇచ్చే అన్నను బతిమాలి ఒక పెద్ద బాక్సు తెప్పించాను. కమాను కింది తీగ మీద పడగానే వంటింటి షెల్ఫులో స్టీలు గ్లాసులు గుయ్యిమన్నాయి. ఒకదాని మీద ఒకటి బోర్లించినవి మాత్రమే మోగాయి, విడిగా ఉన్నవి ఊరుకున్నాయి. ఆ అన్న గోడకు ఆనుకుని వింటూ, "ఇది మన నిమజ్జనం దెబ్బ కదా మేడమ్, కానీ ఇదేంది పాడతాండాది!" అన్నాడు. ఇంత సరైన విమర్శ నేను పత్రికల్లో చదవలేదు. కె.సి. కెనాల్ గట్టున వినాయక ఘాట్ దగ్గర డీజే బాక్సులు గుండెలో గుద్దేది సరిగ్గా ఈ మంద్రంలోనే. అక్కడ ఉన్నది గుద్దు మాత్రమే. ఇక్కడ అదే లోతులో స్వరం ఉంది, జారు ఉంది.

ఎక్కడ నేర్చుకున్నాడు?

ఇంట్లో. పెరిగింది టెనెస్సీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు పని కోసం పల్లెలు ఖాళీ చేయించి కట్టిన ఊరు అది. తండ్రి పేరూ ఎడ్గార్ మేయరే, ఆయనా బేస్ వాయించేవాడు, ఆ ఊరి ప్రభుత్వ బడుల్లో తీగ వాయిద్యాల పాఠాలకు పెద్ద. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఉన్నట్టు అక్కడ తీగ వాయిద్యాల మాస్టారు ఉంటాడన్న మాట. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు కొంచెం కడుపు మండింది, దాచను.

ఐదో ఏట తండ్రి దగ్గరే మొదలుపెట్టాడు. పెద్దయ్యాక ఇండియానా విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ శాంకీ దగ్గర చదివాడు.

ఐదేళ్ళ పిల్లాడు ఆరడుగుల వాయిద్యం ఎలా పట్టుకుంటాడు?

పిల్లలకు చిన్న సైజులు ఉంటాయి. ఇంకో వింత: పెద్దవాళ్ళు మామూలుగా వాయించేదాన్ని కూడా ముప్పావు సైజు అనే అంటారు. నిండు సైజు అరుదు. కాబట్టి ఎవరైనా ముప్పావుది అమ్ముతామంటే పిల్లలదనుకుని మోసపోకండి.

ఆ వాయిద్యానికి సొంతంగా పాటలే లేవంటారు, నిజమేనా?

లేవనలేం గానీ, వయొలిన్‌కు పెద్ద కొట్టు ఉంటే దీనికి తోపుడు బండి. ఒక వాయిద్యం ముందు నిలబడి, వెనక ఆర్కెస్ట్రా మోగే పెద్ద రచనను కచేర్టో అంటారు. బీతోవెన్, బ్రామ్స్ లాంటి పెద్ద స్వరకర్తలు వయొలిన్‌కు కచేర్టోలు రాశారు, డబుల్ బేస్‌కు రాయలేదు. దానికి ఉన్న మంచి సరుకులో ఎక్కువ భాగం ఆ వాయిద్యం వాయించినవాళ్ళు తమ కోసం తాము రాసుకున్నదే.

వరస చూడండి. వెనిస్‌లో 1763లో పుట్టిన డొమెనికో డ్రాగొనెట్టి తన బేస్ కచేర్టోలు తనే రాసుకున్నాడు. 1799లో ఆయన వియన్నా వెళ్ళినప్పుడు బీతోవెన్ చెల్లో సొనాటా ఒకదాన్ని బేస్ మీద వాయిస్తే, పియానో దగ్గర కూర్చున్న బీతోవెన్ లేచి ఆయన్ని వాటేసుకున్నాడని చెబుతారు. తరవాత 1821లో పుట్టిన జొవాని బొటెసీని. ఆయన మిలాన్ కన్సర్వేటరీకి వెళ్ళేసరికి ఖాళీగా ఉన్న ఉపకార వేతనాలు రెండే: బసూన్ అనే ఊదే వాయిద్యం, డబుల్ బేస్. ఫీజు కట్టే స్తోమత లేదు, కొన్ని వారాల్లో బేస్ తయారుచేసుకుని సీటు కొట్టాడు. మన దగ్గర కౌన్సెలింగ్‌లో మిగిలిన బ్రాంచిలో చేరి అందులోనే మొనగాడైనవాళ్ళు ఉన్నారు చూడండి, అలా. 1871లో కైరోలో వెర్డీ ఒపేరా ఐదా మొదటి ప్రదర్శనను నడిపించింది ఈయనే. సెర్గే కూసెవిట్‌స్కీ కథా ఇంచుమించు ఇదే. మాస్కోలో ఉపకార వేతనం దొరికింది కాబట్టి బేస్ పట్టాడు, తన కచేర్టో తనే రాసుకున్నాడు, తరవాత 1924 నుంచి 1949 దాకా బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపాడు. ఆయన బేస్‌ను ఆయన భార్య ఓల్గా తరవాత గ్యారీ కార్ అనే కుర్రాడికి ఇచ్చేసింది. ఆ కార్ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం లేకుండా సోలో కచేరీల మీదే బతికి చూపించాడు, 1967లో బేస్ వాయించేవాళ్ళకు అంతర్జాతీయ సంఘం పెట్టాడు.

మేయర్ ఈ వంశంలోనివాడే. పాటలు లేవని ఏడవలేదు, కూర్చుని రాశాడు.

ఏమేం రాశాడు?

1993లో తన వాయిద్యానికి ఆర్కెస్ట్రాతో మొదటి కచేర్టో, మిన్నెసోటా ఆర్కెస్ట్రాతో తనే వాయించాడు. 1995లో చెల్లో, బేస్ రెంటికీ కలిపి ఒక జంట కచేర్టో. 1999లో మరో అడుగు: అప్పటికి ఇరవై ఏళ్ళయినా నిండని వయొలిన్ విద్వాంసురాలు హిలరీ హాన్ కోసం వయొలిన్ కచేర్టో రాశాడు. అంటే ఒత్తు మనిషి నాదస్వర విద్వాంసుడికే కీర్తన కట్టి ఇచ్చాడు. నేను వయొలిన్ మనిషిని కాబట్టి ఇది పదేపదే వింటాను. మొదట్లో ఒకే స్వరాన్ని పట్టుకుని దాని చుట్టూ పాట తిరుగుతుంటే శ్రుతి పెట్టె అలవాటున్న చెవికి పరాయిదనిపించదు.

బాఖ్ చెల్లో సూట్లు బేస్ మీద వాయించాడని అంత గొప్పగా చెబుతారెందుకు?

జర్మన్ స్వరకర్త బాఖ్ ఒంటి చెల్లో కోసం రాసిన రచనలవి, కొన్ని భాగాలు వరసగా కూర్చినదాన్ని సూట్ అంటారు. తెలుగులో చెప్పాలంటే, వీణ కోసం కట్టిన తానాన్ని మెట్లు లేని గోటువాద్యం మీద అదే వేగంతో పలికించడం లాంటిది. చెల్లో మీద ఒక చేతి పట్టులో వచ్చే స్వరాలు బేస్ మీద రావు. చెయ్యి జరగాలి. జరిగినప్పుడు వినపడకూడదు, శ్రుతి తప్పకూడదు, తాళం జారకూడదు. పై స్వరాలకు వెళ్ళినప్పుడు ఎడమ బొటనవేలు మెడ వెనకనుంచి ముందుకు వచ్చి తీగ మీద అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు భుజం వాయిద్యం మీదికి వంగిపోతుంది. వీడియో ఉంటే ఆ బొటనవేలినే చూడండి, నాకైతే పాట కంటే అదే ఎక్కువ నేర్పింది.

మేయర్ మూడు సూట్లు రికార్డు చేశాడు: ఒకటి, రెండు, ఐదు. ఒకటో సూట్ మొదటి భాగం మీరు వినే ఉంటారు, ప్రకటనల్లో కూడా వాడేశారు. చెల్లో మీద అది నీళ్ళలా పారుతుంది. బేస్ మీద తుంగభద్ర వరద నీళ్ళలా, కాస్త బరువుగా, ఇసుకతో సహా కదులుతుంది. మా గదిలో ఇద్దరికి నచ్చలేదు. "అంత కష్టపడి చెల్లోలా వినిపించడమెందుకు, చెల్లో ఉంది కదా" అన్నారు. అది న్యాయమైన మాటే. నా మటుకు ఐదో సూట్ నెమ్మది భాగంలో ఆ మాటకు జవాబు దొరికింది. ఆ చీకటి చెల్లోకు లేదు.

జాకిర్ హుస్సేన్‌తో స్నేహం ఎలా కుదిరింది?

బేలా ఫ్లెక్ మధ్యలో ఉన్నాడు. మేయర్, ఫ్లెక్ 1980ల నుంచే కలిసి వాయించేవాళ్ళు. నాష్‌విల్‌లో కొత్తగా కట్టిన షెర్మర్‌హార్న్ సింఫనీ సెంటర్ 2006లో తెరిచారు. ఆ సందర్భానికి నాష్‌విల్ సింఫనీ ఆర్కెస్ట్రా ఈ ఇద్దరినీ ఒక కచేర్టో అడిగితే వాళ్ళు జాకిర్‌ను కలుపుకున్నారు. బాంజో, తబలా, బేస్ ముందు కూర్చుని వెనక ఆర్కెస్ట్రా. పేరు ద మెలడీ ఆఫ్ రిథమ్. దాన్ని డెట్రాయిట్ సింఫనీతో, లెనార్డ్ స్లాట్కిన్ నిర్వహణలో రికార్డు చేసి 2009లో విడుదల చేశారు.

ఇది తేలికైన కలయిక కాదు. ఆర్కెస్ట్రాలో ప్రతివాడి ముందూ రాసిన కాగితం ఉంటుంది, తబలా కాగితం చూసి మోగేది కాదు. ఇంకో చిక్కు శబ్దంలోనే ఉంది. తబలా జోడీలో ఎడమదైన బాయాన్, డబుల్ బేస్ రెండూ మంద్రంలోనే తిరుగుతాయి. ఒకే సందులో రెండు ఎద్దులబండ్లు ఎదురైనట్టు. ఒకరు ఆగితేనే ఇంకొకరు కదలాలి. వీళ్ళు ఏం చేశారో జాగ్రత్తగా వినండి: జాకిర్ బాయాన్ మీద మణికట్టు నొక్కి గుంకారాన్ని పైకి సాగదీస్తాడు, మేయర్ కాసేపటికి అదే జారును వేలితో తీగ మీద లాగుతాడు. తోలు అడిగితే తీగ చెప్పినట్టు ఉంటుంది. మృదంగం తొప్పి మీద గుంకి అలవాటున్న చెవికి ఇది వెంటనే పట్టుబడుతుంది.

తరవాత రాకేష్ చౌరాసియా కలిశాడు. 2023లో నలుగురూ కలిసి యాజ్ వీ స్పీక్ అనే ఆల్బమ్ చేశారు. జాకిర్ 2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. ఆ నెల మా శనివారం ఎవరూ ఏమీ మాట్లాడలేదు, ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా పెట్టి విన్నాం.

ఏయే బహుమతులు వచ్చాయి?

చెల్లో విద్వాంసుడు యో-యో మా, ఫిడేలు వాయించే మార్క్ ఓకానర్‌లతో చేసిన అపలాచియన్ జర్నీ ఆల్బమ్‌కు 2001లో గ్రామీ. గోట్ రోడియో సెషన్స్ అనే ఆల్బమ్‌కు 2013లో. క్రిస్ థీల్‌తో చేసిన బేస్ అండ్ మాండలిన్‌కు 2015లో. యాజ్ వీ స్పీక్‌కు, అందులోని పష్తో అనే రచనకు 2024లో. గ్రామీలు పక్కన పెడితే నాకు పెద్దవనిపించేవి రెండు: 2000లో అమెరికా శాస్త్రీయ సంగీతకారులకిచ్చే ఏవరీ ఫిషర్ ప్రైజ్, 2002లో మెకార్థర్ ఫెలోషిప్. రెండోదాన్ని అక్కడి జనం మేధావుల గ్రాంటు అంటారు. అప్పట్లో ఐదేళ్ళలో 5 లక్షల డాలర్లు ఇచ్చేవాళ్ళు, లెక్క అడిగేవాళ్ళు కాదు.

ఆయన ఏ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం చేశాడు? తిండి ఎలా గడిచింది?

ఈ ప్రశ్న వేసింది ఒక తండ్రి. వాళ్ళబ్బాయి పక్కనే కూర్చున్నాడు కాబట్టి జాగ్రత్తగా జవాబు చెప్పాను.

మేయర్‌కు పేరు ఆర్కెస్ట్రా కుర్చీ నుంచి రాలేదు. 1984లో చదువు ముగించి నాష్‌విల్ చేరాడు. జానపద గాయకుల రికార్డింగులకు అది పుట్టిల్లు. మన పాతతరం వాయిద్యకారులు మద్రాసు వెళ్ళి కాల్షీట్లు చేసుకున్నట్టే ఆయనా అక్కడ స్టూడియోల్లో పనిచేశాడు. 1989లో ఫ్లెక్, సామ్ బుష్, జెర్రీ డగ్లస్, ఓకానర్‌లతో కలిసి స్ట్రెంగ్త్ ఇన్ నంబర్స్ పేరుతో ఒక రికార్డు తెచ్చాడు. అంతా కొండ ప్రాంతపు జానపదంలో ఆరితేరినవాళ్ళు. ఆ చెయ్యి, ఆ తాళపు ఊపు తరవాత రాసిన కచేర్టోల్లోనూ దిగింది. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాడు. అక్కడ తయారైన జేవియర్ ఫోలీ కూడా తన సరుకు తనే రాసుకునే బాపతే.

మామూలు బేస్ మనిషి దారి వేరు. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనిమిది మంది దాకా బేస్ వాళ్ళుంటారు. ఒక కుర్చీ ఖాళీ అయితే బోలెడు మంది వస్తారు. తెర కట్టి, అవతల ఎవరున్నారో కనపడకుండా వాయింపు వింటారు. బీతోవెన్ ఐదో సింఫనీ మూడో భాగంలో బేస్‌లు పరుగు తీసే చోటు, మొజార్ట్ నలభయ్యో సింఫనీ, ఇలాంటి ముక్కలే అడుగుతారు. రెండు నిమిషాల ముక్క కోసం రెండేళ్ళు సాధన. గ్రూప్స్ రాసేవాళ్ళకు ఈ సంగతి వివరించనక్కర్లేదు.

ఆడపిల్లలు వాయించగలరా? అంత బరువు కదా.

వయొలిన్ క్లాసుకు వచ్చే ఒకమ్మాయి వాళ్ళ జేజి అడిగింది. వాయించగలరు, వాయిస్తున్నారు. న్యూయార్క్ ఫిల్‌హార్మనిక్‌లో 1966లో పూర్తికాలం సభ్యురాలిగా చేరిన మొదటి మహిళ ఓరిన్ ఓబ్రయన్. ఆమె వాయించింది వయొలిన్ కాదు, హార్ప్ కాదు, డబుల్ బేస్. ఆమె మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2025లో ఆస్కార్ వచ్చింది. లండన్‌లో చీ-చీ న్వానోకు కుర్రతనంలో పరుగుపందేల మనిషి, మోకాలు దెబ్బతిని ఇటు వచ్చింది. 2015లో చినెకే ఆర్కెస్ట్రా స్థాపించింది. నల్లజాతి, ఇతర మైనారిటీ సంగీతకారులకు అది వేదిక.

బరువు గురించి: వాయించేటప్పుడు బరువు నేల మోస్తుంది. మోయాల్సింది మెట్లు ఎక్కేటప్పుడే.

ఆయన వాయిద్యం ఎంత పాతది? మన ఎండలకు అలాంటిది తట్టుకుంటుందా?

మేయర్ వాయించేది ఫ్లోరెన్స్‌లో గాబ్రియెల్లీ 1769లో చేసిన బేస్. మైసూరులో హైదర్ అలీ ఏలుతున్న కాలం అది.

ఎండల సంగతి వేరే. దీని పై పలక స్ప్రూస్ కర్ర, వెనకది సాధారణంగా మేపుల్. కర్ర గాలిలో తేమను పీలుస్తుంది, వదులుతుంది. మన మే నెలలో గాలి ఎండిపోయి పలక బిగుసుకుంటుంది. పాత పనివాళ్ళు తెలివైనవాళ్ళు. పలకలను జంతు చర్మం కాచిన బంకతో అతికించారు, ఇనుములా పట్టే బంకతో కాదు. కర్ర లాగితే అంచున అతుకు విడిపోతుంది, కర్ర చీలదు. అతుకు మళ్ళీ పెట్టుకోవచ్చు. కొత్తగా ప్లైవుడ్‌తో చేసినవి ఎండను బాగానే ఓర్చుకుంటాయి, కానీ గొంతు కొంచెం మూగ.

లోపల పై పలకకూ కింది పలకకూ మధ్య ఒక చిన్న కర్ర నిలబడి ఉంటుంది, సౌండ్ పోస్ట్. బంక ఉండదు, బిగువు మీదే నిలబడుతుంది. ఒకసారి నేను బయటూరు నుంచి తెప్పించిన వయొలిన్ పార్సిల్ విప్పితే అది పడిపోయి లోపల గిలక్కాయలా ఆడుతోంది. పంపినవాళ్ళు తమ తప్పు కాదన్నారు, తెచ్చినవాళ్ళు తమది కాదన్నారు. వయొలిన్‌కే ఇలా అయితే ఆరడుగుల పెట్టె గతి ఆలోచించండి. విమానాల్లో తిరిగే బేస్ వాళ్ళు కొందరు మెడ ఊడదీసే వాయిద్యం చేయించుకుంటారు, కొందరు వెళ్ళిన ఊళ్ళో అరువు తీసుకుంటారు. మన తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో దాన్ని ఎక్కించాలని చూసేవాడికి నా ఆశీస్సులు.

మన సినిమా పాటల్లో ఉందా?

ఉంది. 1950లు, 60ల నాటి మద్రాసు రికార్డింగుల్లో వెనక నుంచి తబలాతో పాటు డుం, డుం అని నడిచేది చాలాచోట్ల ఇదే. వేళ్ళతో మీటినది. తరవాత ఆ పని బేస్ గిటార్ తీసుకుంది. పాత పాట ఒకటి పెట్టుకుని గాయకుడిని వదిలేసి ఆ అడుగునే వింటూ పోండి, పాట కొత్తగా వినిపిస్తుంది.

కర్నూలు, అనంతపురం, కడపలో నేర్చుకోవడం కుదురుతుందా?

ఈ మూడు ఊళ్ళలో ఒక్క డబుల్ బేస్ కూడా నాకు తారసపడలేదు. కానీ సగం దారి ఇక్కడే ఉంది. చర్చిలో బేస్ గిటార్ వాయించే అబ్బాయి ఒకడు మా శనివారాలకు వస్తాడు. మూడోసారి వినడం అయ్యాక, "టీచర్, నా గిటారుకూ ఇ, ఎ, డి, జి నే కదా" అన్నాడు. అవును, అవే తీగలు, అదే స్థాయి. ఏ స్వరం ఎక్కడుందో వాడి వేళ్ళకు తెలుసు. తేడా ఏమిటంటే గిటారుకు మెట్లు ఉంటాయి, వేలు అటూ ఇటూ పడినా మెట్టు సర్దేస్తుంది. బేస్‌కు మెట్లు లేవు. వేలు ఆవగింజంత జరిగినా శ్రుతి పోతుంది. కమాను పట్టడం మరో చదువు. అందులోనూ రెండు పద్ధతులు: ఫ్రెంచి వాళ్ళది పైనుంచి వయొలిన్ కమానులా, జర్మన్లది పక్కనుంచి రంపం పట్టినట్టు.

నా సలహా ఇది. ముందు రెండేళ్ళు బేస్ గిటార్ మీద స్వరజ్ఞానం, పాశ్చాత్య నొటేషన్ చదవడం. చెవికి శ్రుతి కోసం రోజూ తంబురాతో పాడటం. ఇది మన దగ్గర అక్కడికంటే బాగా దొరుకుతుంది. ఆ తరవాత పెద్ద ఊరు. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది, ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. ముందే వాయిద్యం కొనకండి. గురువు దొరక్కుండా కొన్నది బీరువా పక్కన నిలబడి బట్టలారేసే కొయ్య అవుతుంది.

రాగం, తాళం తెలిసినవాళ్ళు మొదట ఏది వినాలి?

కచేరీ శ్రోతలైతే ద మెలడీ ఆఫ్ రిథమ్‌తో మొదలుపెట్టండి, తబలా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. భజనలు, కోలాటం, జానపదం ఇష్టపడేవాళ్ళకు బేస్ అండ్ మాండలిన్. మన మాండలిన్ శ్రీనివాస్‌ను విన్నవాళ్ళు థీల్ చేతిలో అదే వాయిద్యం ఎంత వేరుగా మోగుతుందో చూసి నవ్వుకుంటారు. ఒంటరిగా, రాత్రి, ఫ్యాను ఆపి వినగలిగితే బాఖ్. రాగాల కోసం వెతక్కండి, దొరకవు. ఆయన రాగం వాయిస్తున్నాననీ ఎక్కడా అనడు, ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

మీ దగ్గర డబుల్ బేస్ ఉందా? వచ్చి చూడొచ్చా?

లేదు. ఉన్నది సౌండ్ సర్వీస్ అన్న వదిలిపెట్టి వెళ్ళిన బాక్సు ఒక్కటే, అదీ పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే ఉండదు. శనివారం ఆరింటికి రండి. వచ్చేటప్పుడు మెట్ల కింద ఇస్త్రీ బండి పెద్దాయనకు ఒక మాట చెప్పి రండి. కింది తీగ మోగినప్పుడల్లా పైకప్పు నుంచి సున్నం రాలి మడతబెట్టిన చొక్కాల మీద పడుతోందని ఆయన రెండుసార్లు పైకి వచ్చి చెప్పాడు. రెండోసారి వచ్చినప్పుడు వెంటనే వెళ్ళలేదు, గుమ్మంలో నిలబడి పాట అయ్యేదాకా విన్నాడు.